పిలుపుకు తగ్గ బట్ట

రంజాన్ నెల సగం గడవకముందే దుబాయ్, షార్జా, అజ్మాన్‌లలో చాలా దర్జీ దుకాణాలు పండుగ కందూరాలకు, అంటే ఇక్కడి మగవాళ్ల పొడవాటి అంగీలకు, కొత్త ఆర్డర్లు తీసుకోవడం మానేస్తాయి. ఈద్ రోజు పొద్దున్నే తాత నుంచి మనవడి దాకా ఇస్త్రీ మడత నలగని బట్టల్లో నమాజుకు బయల్దేరతారు. అవే ఊళ్లలో మన ఉగాది వేడుకకు "సెలవురోజే కదా, ఏదో ఒకటి వేసుకుపోదాం" అని షార్ట్సులో వచ్చేవాళ్లుంటారు. ఆ పక్క కుర్చీలోనే, ఈ ఒక్క సాయంత్రం కోసం క్రెడిట్ కార్డు గీకి పట్టుచీర కొన్న ఇల్లాలూ ఉంటుంది. ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే. ఇద్దరూ తమ గురించే ఆలోచించారు, పిలిచినవాళ్ల గురించి ఆలోచించలేదు.

పెళ్లయినా, కంపెనీ విందయినా, పరామర్శయినా ఎదుటివాళ్ల జీవితంలో అది మామూలు రోజు కాదు. ఆ సంగతి మాకూ తెలుసని చెప్పడానికే మనం బట్టలు మార్చుకుని వెళ్తాం. నోటితో అంటే ఎబ్బెట్టుగా ఉండే మాటను బట్ట ఇబ్బంది లేకుండా చెప్పేస్తుంది. దీనికి కావలసింది శ్రద్ధ. ఖరీదు దాని తర్వాతి సంగతి, చాలాసార్లు అసలు అవసరమే లేని సంగతి. ఎమిరేట్స్‌లో బతుకుతున్న తెలుగువాళ్లం ఈ ఒక్క విషయం మనసుకు పట్టించుకుంటే బోలెడంత డబ్బు మిగులుతుంది, అంతకు మించి బోలెడంత బెంగ తప్పుతుంది.

ముందు ఈ దేశం వాళ్లు ఏం చేస్తారో చూడండి. ఎమిరాటీ కందూరాకు కాలరు ఉండదు. మెడ దగ్గర నుంచి తర్బూష్ అనే దారపు కుచ్చు వేలాడుతుంది, దానికి అత్తరు అద్దుకోవడం అలవాటు. తల మీద గుత్రా అనే వస్త్రం, దాన్ని జారకుండా పట్టి ఉంచే నల్లటి అగాల్. మంత్రిగారు వేసుకునేదీ ఇదే, పాస్‌పోర్ట్ కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రాడు వేసుకునేదీ ఇదే. బట్ట నాణ్యంలో, కుట్టులో తేడాలు ఉంటాయి. అయితే పది అడుగుల దూరం నుంచి చూసేవాడికి ఆ తేడా కనపడదు. ఆఫీసుకు వెళ్లే బట్టే పెళ్లికీ, పండక్కీ, పాలకుల సమక్షానికీ పనికొస్తుంది. మరీ ముఖ్యమైన సందర్భమైతే దాని మీద బిష్త్ అనే పల్చటి అంగీ కప్పుకుంటారు. నలుపో, గోధుమ రంగో, అంచుకు జరీ. అంతే తేడా.

2022 డిసెంబరు 18న ఖతర్‌లోని లుసైల్ స్టేడియంలో ప్రపంచకప్పు అందుకోబోతున్న లియోనెల్ మెస్సీకి ఆ దేశ అమీర్ తొడిగింది బిష్త్‌నే. జట్టు జెర్సీ కనపడకుండా చేశారని కొందరు పాశ్చాత్య వ్యాఖ్యాతలు నొచ్చుకున్నారు. గల్ఫ్‌లో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. ఎవరిని గౌరవించదలచుకున్నారో వాళ్ల భుజాల మీదే బిష్త్ పడుతుంది. సన్మాన సభల్లో శాలువా కప్పడం చూస్తూ పెరిగిన తెలుగువాడికి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. సందర్భానికి తగ్గ బట్ట ఎప్పుడూ వాళ్ల బీరువాలో సిద్ధంగా ఉంటుంది. పిలుపు వచ్చాక షాపుకు పరుగెత్తరు. మీరూ అలాంటి జత ఒకటి పెట్టుకోండి. మగవాళ్లకు కొలతకు కుట్టించిన ముదురు రంగు బంధ్‌గలా ఒకటి, లేదా సూటు ఒకటి. ఆడవాళ్లకు మంచి నేతచీర ఒకటి, పట్టుచీర ఒకటి. బర్ దుబాయ్‌లోని మీనా బజార్‌లోనూ సత్వాలోనూ మన కొలతలు, మన అలవాట్లు తెలిసిన దర్జీలు ఎందరో ఉన్నారు. తీరిగ్గా ఉన్న నెలలో కుట్టించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, కుట్టూ కుదురుతుంది. అక్కడితో ఆగండి. రెండో సూటు గురించి మూడేళ్ల తర్వాత ఆలోచించవచ్చు.

"నన్ను పిలిచారా, నా బట్టల్ని పిలిచారా?" అని అడిగే కుర్రాళ్లుంటారు. సూటిగానే జవాబు చెబుతాను. పిలిచినవాళ్లు మీకోసం హాలు మాట్లాడారు, వంటవాళ్లను పెట్టారు, ఊరి నుంచి పువ్వులు తెప్పించారు, ఇంట్లో పెద్దావిడ తెల్లవారుజామున లేచి నిలబడింది. మీ వంతుగా వాళ్లు ఆశించింది ఒక ఇస్త్రీ చొక్కా. అది కూడా ఇవ్వలేనంత ఆదర్శం ఏముంటుంది? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మన పెద్దలు అన్నది ధైర్యవంతుడి గురించి కాదు, పక్కవాళ్ల సంతోషం కంటికి ఆనని మనిషి గురించి. స్వేచ్ఛను నిలబెట్టుకోవలసిన చోట్లు జీవితంలో చాలా ఉంటాయి. మేనత్త కూతురి నిశ్చితార్థం వాటిలో ఒకటి కాదు.

కొత్త బట్ట మీద ఆశ పడటం చిన్నతనమనీ నేను అనను. తెలంగాణ ప్రభుత్వం 2017లో పేద ఆడపడుచులకు బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టినప్పుడు వాటిలో కొంత భాగాన్ని సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించింది. నాణ్యం మీద విమర్శలూ వచ్చాయి. కానీ పండుగనాడు కొత్త చీర కట్టుకోవాలన్న కోరిక ఎంత లోతైనదో ఆ పథకం చెప్పకనే చెప్పింది. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఊళ్లలో సిరిసిల్ల కూడా ఉంది. అక్కడి ఇంట్లో దసరాకు ఒక చీర, ఒక చొక్కా కొనడానికి ఇక్కడ ఎవరో ఒకరు ఓవర్‌టైం చేస్తుంటారు. అందుకే, బట్టల్లో ఏముందిలే అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ.

ఇక ఆఫీసు సంగతి. ఇక్కడి ఆహ్వానాల మీద "బ్లాక్ టై", "లౌంజ్ సూట్", "స్మార్ట్ క్యాజువల్" అనే మాటలు కనపడగానే కొత్తగా వచ్చినవాళ్లు కంగారు పడతారు. బ్లాక్ టై అంటే రాత్రి విందుకు వేసుకునే నల్లకోటు, బో టై. 1860ల్లో లండన్‌లో వేల్స్ యువరాజు కోసం కుట్టిన పొట్టికోటు నుంచి వచ్చిందంటారు. న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్ పేరు మీద అమెరికాలో అది టక్సీడో అయింది. లౌంజ్ సూట్ అంటే మామూలు కోటూ ప్యాంటూ టై. స్మార్ట్ క్యాజువల్ అంటే కాలరున్న చొక్కా, శుభ్రమైన బూట్లు, జీన్స్ వద్దు. అర్థం కాకపోతే పిలిచినవాళ్లకు ఫోన్ చేసి "ఏం వేసుకుని రమ్మంటారండీ?" అని అడగండి. అడిగినందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు. అడిగారంటేనే మీకు ఆ విందు మీద గౌరవం ఉందని వాళ్లకు తెలుస్తుంది.

అయితే అదే ఆహ్వానంలో చాలామంది చదవకుండా వదిలేసే మాట ఇంకొకటి ఉంటుంది: "లేదా నేషనల్ డ్రెస్". స్థానికులు కందూరాలో వస్తారు కాబట్టి ఈ దేశంలో ఆ మాట సహజంగానే చేరింది. అది మనకూ వర్తిస్తుంది. చీర, పంచె, బంధ్‌గలా, షేర్వానీ అన్నీ మన దేశపు నిండైన దుస్తులే. స్టాక్‌హోమ్‌లో నోబెల్ బహుమతి ప్రదానానికి ఉన్న నియమం ఎంత కఠినమైనదో తెలుసు కదా, మగవాళ్లకు తోక కోటు, తెల్ల బో టై. అక్కడ కూడా జాతీయ దుస్తులకు అనుమతి ఉంది. 2019 డిసెంబరు 10న అభిజిత్ బెనర్జీ పంచె కట్టుకుని, మీద నల్ల బంధ్‌గలా వేసుకుని బహుమతి అందుకున్నారు. ఆయన భార్య, ఫ్రాన్స్‌లో పుట్టిన ఎస్తేర్ డుఫ్లో చీర కట్టుకున్నారు. 2023 మార్చిలో ఆస్కార్ వేడుకకు జూనియర్ ఎన్టీఆర్ భుజం మీద బంగారు పులి బొమ్మ కుట్టిన నల్ల బంధ్‌గలాలో వెళ్లారు. మన బట్ట ఏ తివాచీ మీదైనా నిలుస్తుంది. నిలబెట్టే ధైర్యం మనకుండాలి.

ఆ ధైర్యానికి అడ్డం పడే సందర్భాలూ వస్తాయి, దాచను. 2011లో పంచె కట్టుకున్న ఒక పెద్ద వయసు భారతీయుణ్ణి దుబాయ్ మెట్రో స్టేషన్‌లో ఆపేశారని ఇక్కడి పత్రికల్లో వార్త వచ్చింది. మర్యాదగా ఉన్న బట్టలపై ఎలాంటి నిషేధమూ లేదని తర్వాత రవాణా అధికారులు స్పష్టం చేశారు. పరాయి దేశంలో ఒక గేటు దగ్గర జరిగిన పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. మరి సొంత దేశంలో? 2014 జూలైలో చెన్నైలో హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్‌ను వేష్టి, అంటే పంచె, కట్టుకున్నారని ఒక క్లబ్బులోకి రానివ్వలేదు. ఆ సెగ ఎంత రగిలిందంటే మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. సంప్రదాయ దుస్తుల్లో వచ్చినవారిని బహిరంగ స్థలాల్లో ఎవరూ అడ్డుకోరాదు. అడ్డుకుంటే ఏడాది దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి చట్టం అవసరం రాకూడదని కోరుకుంటాను. వస్తే మాత్రం వెనకాడకూడదు.

ఇక్కడ ఒక షరతు. పంచె కడితే నిండుగా కట్టాలి. ఉతికి, గంజి పెట్టి, అంచు చీలమండ దాకా దించి, మీద తెల్ల చొక్కా, భుజాన కండువా. అలా కట్టిన మనిషి ఏ ఐదు నక్షత్రాల హోటల్లో అడుగుపెట్టినా కాపలావాడు తలుపు తీస్తాడు. కార్మికుల క్యాంపులో పని ముగిశాక కట్టుకునే లుంగీకి దాని గౌరవం దానికుంది, అది విశ్రాంతి బట్ట. దాన్నే విందుకు కట్టుకెళ్లి "మన సంస్కృతి" అనడం సరికాదు. మంగళగిరి, పోచంపల్లి, పొందూరు నేతగాళ్లు మనకోసం ఇంత పని చేసి పెట్టాక, ఏది సభకు, ఏది ఇంటికి అన్నది మనకు తెలిసుండాలి.

గుడి, మసీదుల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ వాదనకు తావులేదు. అబుదాబిలోని షేక్ జాయెద్ మసీదులో ఆడవాళ్లు తల కప్పుకోవాలి, అందరూ చేతులూ కాళ్లూ కప్పే వదులు బట్టల్లో రావాలి. 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన అబు మురైఖాలోని బాప్స్ మందిరంలో మెడ నుంచి మోచేతుల దాకా, కింద చీలమండల దాకా కప్పే బట్టలుండాలి. వెళ్లే ముందు చదువుకుని వెళ్లండి, గేటు దగ్గర వాదించి పిల్లల ముందు చిన్నబోకండి. ఎమిరాటీ మిత్రుడు ఇఫ్తార్‌కు పిలిచినా అంతే. ఇంట్లోకి అడుగుపెట్టగానే చెప్పులు విడవాలి, అందుకని మేజోళ్లు చిరుగుల్లేకుండా ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. చిన్న విషయమే. మజ్లిస్ అనే అతిథుల గదిలో కూర్చున్న గంటసేపూ మీ మనసు కాలి బొటనవేలి మీద ఉండకుండా కాపాడుతుంది.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయానికి వస్తాను. మన సొంత వేడుకలు.

ఏ తెలుగు సంఘం కార్యక్రమానికైనా వెళ్లి చూడండి. భార్య కంచి పట్టులో, వడ్డాణంతో, జడ నిండా పువ్వులతో ఉంటుంది. పక్కన భర్త క్రికెట్ టీషర్టులో. కూతురికి పరికిణీ ఓణీ, కొడుక్కి చిరుగుల జీన్స్. సంప్రదాయాన్ని మోసే బరువంతా ఆడవాళ్ల మీద వేసి, మగవాళ్లం చేతులూపుకుంటూ వస్తున్నాం. ఆమెకు రెండు గంటల పని, నలభై డిగ్రీల ఉక్కలో ఆరు గజాల పట్టు. మెట్రోలో వస్తే స్టేషన్ నుంచి దుబాయ్ మాల్ దాకా దాదాపు 800 మీటర్ల వంతెన మీద కుచ్చిళ్లు పట్టుకుని నడక. మీకు? పది నిమిషాల్లో పంచె కట్టుకోవచ్చు, అదీ రాకపోతే వెల్క్రో పంచెలు దొరుకుతున్నాయి. అన్నల్లారా, తమ్ముళ్లారా, వచ్చే పండక్కి ఇంట్లో ఆవిడ చీర మడత విప్పేసరికి మీరు తయారై ఉండండి. ఆవిడ కుచ్చిళ్లు సర్దడానికి వంగండి. పిల్లవాడు అది చూస్తాడు, మీరు వేరే పాఠం చెప్పక్కర్లేదు.

రెండోది, చీర మళ్లీ కట్టకూడదన్న రూలు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఫోన్ కెమెరాలొచ్చాక అది చట్టమై కూర్చుంది. "సీమంతానికి కట్టిన చీరే కదా ఇది?" అనే ఒక్క మాట కోసం ఎన్ని ఇళ్లలో నెలాఖరు లెక్కలు తప్పుతున్నాయో ఆలోచించండి. సినిమా తారలను చూసి పోటీ పడుతున్నామా? 2023లోనూ 2024లోనూ సైమా అవార్డుల వేడుక దుబాయ్‌లోనే జరిగింది. అలాంటి ఎర్రతివాచీల మీద కనపడే బట్టల్లో చాలావరకు డిజైనర్లు ఆ రాత్రికి అరువిచ్చేవే, తెల్లారి తిరిగి వెళ్లిపోయేవే. తారలే అరువు తెచ్చుకుంటుంటే మనం అప్పు చేసి కొనడంలో అర్థముందా? పక్కింటి ఎమిరాటీ పెద్దాయన ప్రతి పెళ్లికీ అదే తెల్ల కందూరాలో వెళ్తాడు. ఆయన గౌరవం ఏ పెళ్లిలోనూ తగ్గడం లేదు.

ఎవరైనా చీర మళ్లీ కట్టడం మీ కంట పడితే రెండు దారులున్నాయి. ఏమీ అనకుండా ఊరుకోండి, లేదా "ఈ రంగు నీకు ఎప్పుడు చూసినా బాగుంటుందమ్మా" అనండి. మూడో దారి లేదు. అమ్మ గద్వాల్ చీర, అత్తగారి వెంకటగిరి చీర ట్రంకు పెట్టెలోంచి తీసి కట్టిన రోజున అది ఎవరిదో నలుగురికీ చెప్పండి. కొత్త చీరకు లేని కథ దానికుంటుంది.

పిల్లల పుట్టినరోజులకు "రంగుల థీము" పెట్టేవాళ్లకూ ఒక మాట. రావలసిన యాభై కుటుంబాలు మీ ఫొటో కోసం లేత ఊదా రంగు బట్టలు కొనుక్కోవాలి. అందులో ఇంటద్దె కట్టడానికి ఇబ్బంది పడుతున్న కుటుంబం ఒకటైనా ఉంటుంది. వాళ్లు ఆ మాట మీకు చెప్పరు, "ఒంట్లో బాగోలేదు" అని మానేస్తారు. రంగు చెప్పకండి, రమ్మని చెప్పండి.

మూడోది అన్నిటికంటే బరువైనది. సోనాపూర్, అల్ ఖూజ్, షార్జాలోని సజ్జా, అబుదాబిలోని ముసఫ్ఫా క్యాంపుల్లో జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు నుంచి వచ్చిన మనవాళ్లున్నారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆ ఎండ ఎలాంటిదో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. మిగతా గంటలన్నీ ఆ వేడిలో నిలబడి పనిచేసే మనిషి సెలవురోజున స్నానం చేసి, ఊరి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేసుకుని, జేబులో దువ్వెన పెట్టుకుని, బస్సులు మారి మన బతుకమ్మ చూడటానికి వస్తాడు. ఫార్మల్ అంటే అంతకు మించి ఏముంది? ఆ గదిలో అందరికంటే ఎక్కువ శ్రద్ధగా తయారై వచ్చింది అతనే. అతని కాళ్లకు చెప్పులున్నాయా, బూట్లున్నాయా అని చూసే కళ్లు మనవి కాకూడదు. నలుగురు సూట్ల మధ్య తలుపు దగ్గరే నిలబడిపోయి, ప్రసాదం తీసుకుని వెళ్లిపోయే మనిషిని ఏ వేడుకలోనైనా చూశారంటే ఆ వేడుక ఎంత ఘనంగా జరిగినా అది విఫలమైనట్టే.

కొన్ని చిన్న సంగతులు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం. బయట ఎండ ఎంతున్నా హాళ్లలో ఏసీ చలి పుట్టిస్తుంది. అందుకని కోటు చేతిమీద వేసుకుని వెళ్లి లోపల తొడుక్కోండి. ప్రతి వీధిలోనూ చిన్న లాండ్రీ ఉంటుంది, కొద్ది దిర్హాములకే ఇస్త్రీ చేసిస్తారు. కొత్త బట్టకంటే ఇస్త్రీ చేసిన పాత బట్టే మేలు. అత్తరు ఇక్కడివాళ్లకు ప్రాణం, మనకూ నచ్చుతుంది, కానీ లిఫ్టులో పక్కవాళ్లను గుర్తుపెట్టుకుని రాసుకోండి. కందూరా వేసుకోవాలని ముచ్చటపడితే జాతీయ దినోత్సవం రోజున, డిసెంబరు 2న, నిండుగా, శుభ్రంగా వేసుకోండి. దాంట్లో గంతులేస్తూ వీడియోలు తీయకండి. అది వాళ్లు పెళ్లికి కట్టుకునే బట్ట, తండ్రిని సాగనంపేటప్పుడూ కట్టుకునే బట్ట.

సాగనంపడం అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. పరామర్శకు వెళ్లేటప్పుడు బట్ట గురించి ఆలోచించడం తప్పనుకుంటారు కొందరు. తప్పు కాదు. జెబెల్ అలీ శ్మశానవాటికకో, సహోద్యోగి ఇంటికో వెళ్లేటప్పుడు తెలుపో, ముదురు రంగో, మెరుపుల్లేని సాదా బట్ట వేసుకోండి. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాల్సి వస్తే టై తీసేయండి, నగలు సంచిలో పెట్టేయండి. ఊరికి దూరంగా, అయినవాళ్లు లేకుండా దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఆ క్షణంలో మనమే బంధువులం. బంధువుల్లా కనపడాలి.

చివరగా వేడుకలు చేసేవాళ్లకు, సంఘాలు నడిపేవాళ్లకు నా విన్నపం. ఈసారి ఆహ్వానం రాసేటప్పుడు ఈ మాట కూడా చేర్చండి: "మీ దగ్గరున్న మంచి బట్టల్లో రండి, కొత్తవి కొనక్కర్లేదు." గుమ్మం దగ్గర పన్నీరు చల్లే పిల్లలకు ముందే చెప్పి ఉంచండి: క్యాంపు బస్సు దిగి వచ్చే అన్నయ్యలను చేయి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టమని.